ఇటాలియన్ సమాస పదాలను విరిచి పలకడం ఎలా?

ఇటాలియన్ నేర్చుకునేవాళ్లను పొడవాటి సమాస పదాలు మొదట్లో టెన్షన్ పెడతాయి. ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊనిక ఇవ్వాలి, అంటే ఏ భాగాన్ని నొక్కి పలకాలి? ఇక్కడ తెలుగువాళ్లకు హ్రస్వ దీర్ఘాలు బాగా పనికొస్తాయి. ఊనిక పడిన సిలబుల్ అచ్చుతో ముగిసి, పదం చివర కాకపోతే ఆ అచ్చు సాగుతుంది. దాన్ని మనం దీర్ఘంతో రాసుకోవచ్చు. టొమాటోను అలా రాస్తే పొమొదోరొ.

1. ముందు లోపలి మాటలు పట్టుకోండి. ఆకాశహర్మ్యాన్ని గ్రత్తచేలొ అంటారు. గ్రత్త అంటే గీకేది, చేలొ అంటే ఆకాశం.

2. రెండో మాటను విడిగా పలికి చూడండి. దాని ఊనికే మొత్తం సమాసానికి ప్రధాన ఊనిక. మొదటి మాట మీద పడేది తేలికపాటి ఊనిక మాత్రమే. అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఇది కుదిరితే సగం పని అయినట్టే. ఫెర్రొ (ఇనుము), వీఅ (దారి) కలిసి ఫెర్రొవీఅ, అంటే రైలు మార్గం. మనలో చాలామంది దీన్ని ‘ఫెర్రోవియా’ అనేస్తారు, ఊనిక కాస్తా పక్కకు జారిపోతుంది. రోమ్‌లో తేవెరె నది ఒడ్డున సాగే రోడ్లు లుంగొతేవెరె. నది పేరులో ‘తే’ మీద ఊనిక ఉంది కాబట్టి ఇక్కడా అక్కడే. వాక్యూమ్ క్లీనర్‌ అస్పిరపొల్వెరె. ఇందులో ‘పొల్’ హల్లుతో ముగిసింది, కాబట్టి సాగదీయకుండా నొక్కితే చాలు.

3. ఇప్పుడు విరవండి, అయితే అతుకు దగ్గర కాదు, ధ్వనిని బట్టి. జెంతీలె (మర్యాద గల), వోమొ (మనిషి) కలిస్తే జెన్-తి-ల్వో-మొ. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినట్టే మొదటి మాట చివరి అచ్చు పోయి, మిగిలిన ‘ల్’ తర్వాతి సిలబుల్‌లోకి వెళ్లింది. ఊనిక పోయిన ‘తీ’ కూడా ‘తి’ అయింది చూడండి. ఇలాంటి సంధి ప్రతిసారీ జరగదు. గొడుగుల స్టాండ్ పొర్-త-ఒమ్-బ్రెల్-లి, అందులో రెండు అచ్చులూ నిలిచాయి.

ద్విత్వం దగ్గర మన కన్ను పొరబడుతుంది. తెలుగులో ‘త్త’ ఒకే అక్షరం, ఇటాలియన్‌లో మధ్యకు విరుగుతుంది: గ్రత్-త-చే-లొ. ఛందస్సు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు అవుతుంది కదా! కానీ ‘స్’ తర్వాత హల్లు వస్తే రాతలో ఆ జంటను విడదీయరు. స్టేషన్ మాస్టర్ క-పొ-స్త-త్స్యో-నె.

4. చివరి అచ్చు మీద ఊనిక ఉంటే, ఇటాలియన్ రాతలో ఆ అచ్చు మీద ఊనిక గుర్తు రాయాలి. రాజు అనే అర్థంలో ‘రె’ ఒంటరిగా ఉంటే గుర్తు అక్కర్లేదు. అదే విచెరె (రాజప్రతినిధి) అయితే చివరి అచ్చు మీద గుర్తు తప్పనిసరి. పలికేటప్పుడు ఆ ‘రె’ని నొక్కండి, దీర్ఘం మాత్రం తీయకండి.