పిల్లల రెసిడెన్షియల్ కేర్ పని నేర్చుకుందాం – 4వ భాగం: కోపం నెత్తికెక్కినప్పుడు

పోయిన భాగంలో షిఫ్ట్ మారేటప్పుడు లాగ్ బుక్ ఎలా చదవాలో చూశాం. ఈసారి కొత్తవాళ్లందరికీ టెన్షన్ పెట్టే విషయం: ఇంటికి దూరంగా హోమ్‌లో ఉండే పిల్లాడు కోపంతో ఊగిపోతుంటే మనం ఏం చేయాలి.

పదకొండేళ్ల పిల్లాడు. ఇంటి నుంచి రావాల్సిన ఫోన్ రాలేదు, పైగా మీరు టీవీ కట్టేయమన్నారు, రిమోట్ గోడకేసి కొట్టాడు. చాలామంది వెంటనే "రూల్ తెలీదా, పాయింట్లు పోతాయ్ చూసుకో" అని మొదలెడతారు. ఆ నిమిషంలో అదేదీ చెవికెక్కదు. దెబ్బలు తిని పెరిగిన పిల్లలకైతే గొంతు పెంచిన పెద్దవాళ్లంటేనే భయం, మీరు క్లాసు పీకుతుంటే వాళ్లకి రాబోయే దెబ్బే కనిపిస్తుంది.

కాబట్టి ముందు మీ ఒంటిని సరిచూసుకోండి. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, చెయ్యి చాచినా అందనంత దూరంలో నిలబడండి, తలుపుకి అడ్డం రావద్దు. మిగతా పిల్లల్ని తోటి వర్కర్ పక్క గదిలోకి తీసుకెళ్లాలి (నలుగురు చూస్తుంటే తగ్గడం ఎవరికైనా కష్టమే). తర్వాత ఒక్క మాట: "ఫోన్ కోసం ఎదురుచూశావ్ కదా." అంతే, ఆగండి. ఈ ఆగడమే అసలు కష్టం, మన నోరు ఊరుకోదు. కాస్త తగ్గాక "ఇక్కడే కూర్చుంటావా, బయట నడుద్దామా?" అని అడగండి. రెండూ మీరు నిజంగా ఇవ్వగలిగినవే అయ్యుండాలి.

పట్టుకుని ఆపడం ఇందులో భాగం కాదు. ఎవరికో అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే తప్ప, ట్రైనింగ్ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ఆ పని చేయకూడదు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద బరువు మోపితే ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. అమెరికాలో పట్టి ఉంచినప్పుడు, ఒంటరిగా బంధించినప్పుడు లేదా ఆ తర్వాత కాసేపటికే జరిగిన 142 మరణాలను 1998లో హార్ట్‌ఫర్డ్ కూరంట్ పత్రిక బయటపెట్టింది, 2000లో ఇలా ఆపడం మీద పరిమితులు పెడుతూ చిల్డ్రన్స్ హెల్త్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. అక్కడ మానసిక చికిత్స కోసం పిల్లల్ని ఉంచే సైకియాట్రిక్ రెసిడెన్షియల్ కేంద్రాల్లో ఇప్పుడు అలా ఆపాల్సివస్తే, 24 గంటల్లోపు ఆ స్టాఫే పిల్లాడితో కూర్చుని జరిగింది మాట్లాడాలి. నన్నడిగితే, పట్టుకోకపోయినా ఆ మాట్లాడటం మాత్రం మానకూడదు.

రిపోర్టులో "దూకుడుగా ప్రవర్తించాడు" అని రాస్తే రాత్రి షిఫ్ట్ వాళ్లకి ఒరిగేదేమీ లేదు. "ఫోన్ రాలేదు. టీవీ కట్టేయమన్నాక రిమోట్ గోడకేసి కొట్టాడు. ఎవరికీ తగల్లేదు. కాసేపు నడిచాక పడుకున్నాడు" అని రాయండి.

ఈ వారం అభ్యాసం: మీరు చూసిన ఏదో ఒక గొడవని ఐదు వాక్యాల్లో రాయండి, అందులో "మొండిగా", "కావాలని" అనే మాటలు రాకూడదు. కాగితం దాచుకోండి, గొడవకి ముందు ఏం జరిగిందో వెతకడానికి వచ్చే భాగంలో దాంతోనే పని.