మొదటి విదేశీ ప్రయాణంలో మంచి ఫొటోలు ఎలా తీయాలి? సాధన వైజాగ్‌లోనే మొదలుపెట్టండి

వైజాగ్ నుంచి మొదటిసారి విదేశం వెళ్లేవాళ్లలో చాలామంది సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్‌లలో ఏదో ఒకటి ఎంచుకుంటారు. నాలుగైదు రోజుల ప్యాకేజీ, రోజుకు మూడు నాలుగు చోట్లు, ఒక్కోచోట అరగంటో ముప్పావుగంటో. ఆ కాస్త సమయంలో నైట్ మోడ్ ఎక్కడుందా అని ఫోన్‌లో వెతుక్కుంటుంటే ఫొటో సరిగ్గా రాదు, చూడాల్సిందీ చూడలేం. అందుకే కెమెరా పని ఇక్కడే నేర్చుకుని వెళ్లాలి. కొత్త ఫోన్ కొనడం కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. సాధనకు కావలసినవన్నీ మన ఊళ్లో ఉన్నాయి: సముద్రం, కొండ, ఇరుకు బజారు, రాత్రి దీపాలు.

నెల ముందు: ఊళ్లో సాధన

ముందు ఆర్కే బీచ్‌కి సూర్యోదయం వేళ వెళ్లండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టి ఫొటో తీయండి. ఆకాశం బాగుంటుంది, ముఖం నల్లగా వస్తుంది. ఇప్పుడు స్క్రీన్ మీద ముఖాన్ని తాకండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరిపితే ముఖం తేటపడుతుంది, ఆకాశం తెల్లబోతుంది. మళ్లీ ఆకాశాన్ని తాకి తీయండి, మనిషి నీడలా వస్తుంది. తర్వాత మనిషిని పక్కకు తిప్పి, చెంప మీద ఎండ పడేలా నిలబెట్టండి. ఎక్కువసార్లు ఇదే బాగుంటుంది, కళ్లు చికిలించాల్సిన పని కూడా ఉండదు. ఈ తేడా ఒక్కసారి కంటితో చూస్తే ఏ దేశంలోనైనా ఎండ ఎటు ఉందో చూసుకోకుండా మనిషిని నిలబెట్టరు.

సింగపూర్‌లో మెర్లయన్ బొమ్మ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం) తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయం వెళితే వెలుగు దాని ముఖం మీద పడుతుంది. నీళ్లకు అవతల ఉన్న మెరీనా బే శాండ్స్ హోటల్‌కు మాత్రం, మెర్లయన్ వైపు నుంచి చూస్తే, సాయంత్రం వెలుగు బాగుంటుంది. ప్యాకేజీలో ఒకేసారి తీసుకెళ్తారు కాబట్టి ఆ పూటకి దేని మీద వెలుగుందో దాని మీదే ఎక్కువ దృష్టి పెట్టండి.

బీచ్ నుంచి వచ్చాక లెన్స్‌ని మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి. ఉప్పుగాలి తేమ, వేలి జిడ్డు చేరితే రాత్రి దీపాలన్నీ గీతలు గీతలుగా సాగిపోయి కనిపిస్తాయి. నైట్ ఫొటోలు రావట్లేదని ఫోన్‌ని తిట్టుకునేవాళ్లు ముందు లెన్స్ తుడిచి చూడాలి.

రెండో సాధన సాయంత్రం. సూర్యుడు అస్తమించాక ఆకాశం ముదురు నీలంగా ఉండే కాసేపట్లో బీచ్ రోడ్డు దీపాల్ని తీయండి. పూర్తిగా చీకటి పడ్డాక అదే చోట మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మొదటిదే బాగుంటుంది. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఇంచుమించు ఏడు గంటలకే పొద్దు గూకుతుంది, ఆ నీలి వెలుగు ఇరవై నిమిషాలకు మించి ఉండదు. గార్డెన్స్ బై ద బే పార్కులో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన పెద్ద కట్టడాల) దగ్గర దీపాల షో మామూలుగా 7.45కి, 8.45కి ఉంటుంది. ఏడుకల్లా చేరుకుంటే నీలి ఆకాశం కింద చెట్లూ దొరుకుతాయి, షోకి మంచి చోటూ దొరుకుతుంది. ఆ చెట్లు 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. మొత్తం పట్టాలని 0.5ఎక్స్ లెన్స్ (ఎక్కువ వెడల్పు పట్టేది) వాడబోతారు, కానీ చాలా ఫోన్లలో రాత్రిపూట దానికంటే మెయిన్ లెన్సే మేలు. కాస్త దూరం జరిగి, కింద కూర్చుని తీయండి.

మూడోది పూర్ణా మార్కెట్. వెలుగు తక్కువ, మనుషులు ఆగరు. కెమెరా ఉన్నవాళ్లు షట్టర్ వేగం 1/250 సెకను దగ్గర పెట్టి, ఐఎస్ఓని (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి. ఫోన్‌లో అయితే నైట్ మోడ్ ఆపేయండి, లేకపోతే కదిలే చేతులు మసకగా వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మనుషుల్ని అడగడం. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆమెను ‘అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?’ అని అడిగి చూడండి. కెమెరా కిందికే ఉంచి, ముందు ఆమె ముఖం చూసి మాట్లాడాలి. ఆమె వద్దని చెయ్యి ఊపితే నవ్వి పక్కకు వెళ్లిపోవాలి. సరే అంటే తీసి, స్క్రీన్ తిప్పి చూపించాలి. చూపించగానే పక్కన కూర్చున్నామె కూడా ‘నాది తియ్యవా?’ అంటుంది. ఆ దేశపు భాష ఒక్క ముక్క రాకపోయినా పని చేసే పద్ధతి ఇదే.

ఎక్కడ తీయకూడదు

నేవీ గోడల మీద ‘ఫొటోలు నిషేధం’ బోర్డులు చూస్తూ పెరిగినవాళ్లం. ఆ క్రమశిక్షణ విదేశంలోనూ ఉండాలి. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కౌంటర్ల దగ్గర ఫోన్ జేబులోనే ఉంచండి. బ్యాంకాక్‌లో మరకత బుద్ధుడి మందిరం లోపల ఫొటోలు తీయకూడదు. శ్రీలంకలో బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం పెద్ద తప్పుగా చూస్తారు. దుబాయ్ వెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీస్తే కేసు దాకా పోవచ్చు. ఇక డ్రోన్ అంటే ప్రతి దేశానికీ వేరే నిబంధనలు, అనుమతులు. మొదటి ప్రయాణంలో ఇంట్లోనే వదిలేయడం మంచిది.

బ్యాగు సర్దేటప్పుడు

పవర్‌బ్యాంక్, విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) వరకు విడిగా అనుమతి అడగక్కర్లేదు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ 74 వాట్ అవర్లే. అయితే కొన్ని విమానాల్లో ప్రయాణంలో దాన్ని వాడనివ్వరు, కాబట్టి ఎక్కేముందే ఫోన్ ఫుల్ ఛార్జ్ చేసుకోండి. సింగపూర్, మలేషియాల్లో ప్లగ్గుకి మూడు చదరపు పిన్నులుంటాయి, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. కెమెరా గడియారాన్ని సింగపూర్ టైముకి, అంటే మనకంటే రెండున్నర గంటలు ముందుకు మార్చండి. లేకపోతే తర్వాత ఫోన్ ఫొటోలు, కెమెరా ఫొటోలు వరుస తప్పుతాయి.

ఖరీదైన కెమెరా తీసుకెళ్తుంటే, బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలోని కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు అది అక్కడ కొన్నదేమోనన్న ప్రశ్న రాదు, సుంకం టెన్షన్ ఉండదు. దీనికోసం కాస్త ముందుగా వెళ్లాలి.

అక్కడికి చేరాక

ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి రాగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు తేమ కమ్ముతుంది. తుడిచినా మళ్లీ వస్తుంది. కెమెరాని బ్యాగులోనే జిప్పు వేసి ఉంచి, బయటికొచ్చాక ఇరవై ముప్పై నిమిషాలు ఆగి తీయండి. వైజాగ్ వేసవిలో కారు దిగినప్పుడు కళ్లజోడుకి అయ్యేదే ఇది.

బస్సు దిగగానే అందరూ ఒకేచోట గుమిగూడతారు. మీరు రెండు నిమిషాలు ఊరికే చుట్టూ చూడండి. ముందు చోటు మొత్తం కనిపించే ఫొటో, తర్వాత ఇంట్లోవాళ్లతో, చివర్లో దగ్గరగా ఏదైనా ఒక్కటి: సింగపూర్ హాకర్ సెంటర్‌లో (చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోటు) నూడుల్స్ తీసే చేతులు, అక్కడి ట్రైన్ స్టేషన్‌లో నాలుగు భాషల బోర్డు (అందులో తమిళం చూసి మనవాళ్లు ఎంత సంబరపడతారో!). ఏళ్ల తర్వాత ఆ ఊరిని గుర్తుకుతెచ్చేవి ఎక్కువగా ఈ చివరి రకమే.

అందరూ ఉన్న ఫొటో కావాలంటే ఎవరికో ఫోన్ ఇచ్చి ఊరుకోకండి. మీరే ముందు ఒక ఫొటో తీసి, ‘సరిగ్గా ఇలాగే, ఇక్కడే నిలబడి తీయండి’ అని దాన్ని చూపించి ఇవ్వండి. కాళ్లు తెగిపోవు, వెనకున్న గోపురమో గుడో సగంలో ఆగిపోదు.

రాత్రి హోటల్‌కి రాగానే వైఫై మీద ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టి పడుకోండి. కెమెరా కార్డులోవి చిన్న హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసినా, ఇంటికొచ్చేదాకా కార్డు ఖాళీ చేయకండి. హార్డ్ డిస్క్ ఒక బ్యాగులో, కార్డు ఇంకో బ్యాగులో.

తిరుగు ప్రయాణంలో విమానంలో కూర్చునే ఒకే రకంగా ఉన్నవి తీసేయండి. ఒక్కో చోటుకి రెండు మూడు మిగిలితే చాలు. దిగాక వాయిదా వేయకుండా మొదటి వారంలోనే వాటిలో బాగున్నవి ప్రింట్ వేయించి, పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి. ఏ ఫొటో ఏ ఊరిదో వెనక పెన్నుతో రాసి మరీ ఇవ్వండి.