డిగ్రీలో మార్కులు తక్కువై, పీజీలో బాగా వస్తే లా కాలేజీ సీటుకు ఎలా ప్రయత్నించాలి?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ళలో ముప్ఫై దాటాక నల్లకోటు మీద మనసు పడే ఇంజనీర్లు కొందరు ఉన్నారు. "బీటెక్‌లో మార్కులు అంతంతమాత్రమేనండీ, ఎంటెక్ మాత్రం బాగా చేశాను, లా సీటుకు అది పనికొస్తుందా?" అన్నది వాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న. పీజీలో వచ్చిన మంచి మార్కులు డిగ్రీలో వచ్చిన తక్కువ మార్కులను చెరిపేస్తాయన్న ఆశ ఆ ప్రశ్న వెనక ఉంటుంది. చాలాచోట్ల చెరిపెయ్యవు. అయితే డిగ్రీ మార్కులకు మనం భయపడినంత విలువ ఇవ్వని చోట్లు కూడా ఉన్నాయి కనుక, దరఖాస్తు రుసుము కట్టే ముందే ఏ కాలేజీ ఏ మార్కులను ఎందుకు అడుగుతోందో విడదీసి చూసుకోవాలి.

మొదటి పని: శాతాన్ని సరిగ్గా లెక్కకట్టడం

మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి దేశమంతటా వర్తించే కనీస అర్హతను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్ణయిస్తుంది. 2008 నాటి న్యాయవిద్యా నియమాల ప్రకారం జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 45 శాతం, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 40 శాతం మార్కులు ఉండాలి. వెనుకబడిన తరగతులవారికి 42 శాతం అమలులో ఉంది. ఈ మార్కులు ఉన్నంతమాత్రాన సీటు హక్కుగా రాదనీ, కాలేజీ పెట్టే మిగతా షరతులకు పోటీపడే అర్హత మాత్రమే వస్తుందనీ ఆ నియమమే చెబుతుంది.

గ్రేడు పాయింట్ల పద్ధతిలో చదివినవారు ఇక్కడే పొరబడుతుంటారు. ఒక ఆదివారం ఆంధ్రా మెస్సులో నా ఎదురుగా కూర్చున్నాయన ఇడ్లీ పళ్ళెం పక్కకు జరిపి, ఫోనులో తన 5.2ను పదితో గుణించి, "52 శాతం, గట్టెక్కాను" అన్నారు. మెమో వెనక్కి తిప్పి చూస్తే, వచ్చిన పాయింట్లలోంచి 0.75 తీసివేసి ఆ తరవాత పదితో గుణించాలని ఆయన చదివిన విశ్వవిద్యాలయం చిన్న అక్షరాలలో అచ్చువేసింది. అలా చేస్తే వచ్చేది 44.5 శాతం. జనరల్ అభ్యర్థి అయితే అర శాతం తేడాతో గుమ్మం ఇవతలే ఆగిపోవాలి. ఒక్కొక్క విశ్వవిద్యాలయానిది ఒక్కొక్క సూత్రం. ఒకే విశ్వవిద్యాలయంలోనైనా రెగ్యులేషన్ మారితే సూత్రం మారవచ్చు. కాబట్టి మీ బ్యాచ్‌కు వర్తించే సూత్రంతో పరీక్షల విభాగం నుంచి ధ్రువపత్రం తెచ్చుకోండి. 44.5ను మీరే 45గా గుండ్రం చేసి దరఖాస్తులో రాయకండి. ఆ అంకె సర్టిఫికెట్ల పరిశీలన దాకా వచ్చి అక్కడ పట్టుబడుతుంది, అప్పటికి కట్టిన ఫీజూ గడిచిన నెలలూ తిరిగిరావు.

రెండో పని: కాలేజీ ఆ మార్కులను దేనికి వాడుతుందో చూడడం

నాగరభావిలోని నేషనల్ లా స్కూలు 2022లో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ ఆనర్స్ మొదలుపెట్టింది. దానికి ఎన్‌ఎల్‌శాట్ అనే సొంత ప్రవేశ పరీక్ష ఉంది. అందులో ఒక భాగం బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండో భాగం స్వయంగా రాయవలసిన సమాధానాలు. డిగ్రీ మార్కులు అక్కడ కనీస అర్హతకే. అది దాటాక 46 శాతం వచ్చినవారూ 86 శాతం వచ్చినవారూ ఒకే వరుసలో నిలబడతారు. తెలుగు రాష్ట్రాల లాసెట్ కూడా ఇదే తీరు: 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, ర్యాంకు ఆ పరీక్షను బట్టే. ఇలాంటి చోట్ల ఎంటెక్ వల్ల ఒక్క మార్కు కూడా కలిసిరాదు, బీటెక్ సప్లీల వల్ల ఒక్క మార్కు కూడా పోదు. (లాసెట్ రాసి చిత్తూరు వైపు కాలేజీలో చేరి, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు వెళ్ళివస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. పరీక్షకు కూర్చోవాలంటే 70 శాతం హాజరు ఉండాలన్నది కూడా బార్ కౌన్సిల్ నియమమే.)

హుబ్బళ్ళి కేంద్రంగా ఉన్న కర్ణాటక రాష్ట్ర న్యాయ విశ్వవిద్యాలయం కింద బెంగళూరులో నడిచే కాలేజీల సంగతి వేరు. వాటిలో మూడేళ్ళ కోర్సుకు సాధారణంగా ప్రవేశ పరీక్ష ఉండదు, డిగ్రీ మార్కులను బట్టే సీటు ఇస్తారు. చెన్నైలోని అంబేద్కర్ న్యాయ విశ్వవిద్యాలయం కూడా డిగ్రీ మార్కులతోనే మెరిట్ జాబితా వేస్తుంది. డిగ్రీలో 50 శాతం దగ్గర ఆగిపోయినవారు పేరున్న కాలేజీలో సీటు కోరుకుంటే, మెరిట్ జాబితా కన్నా ప్రవేశ పరీక్ష ఉన్న చోటును నమ్ముకోవడమే మేలని నా అభిప్రాయం. పరీక్ష కష్టమే కావచ్చు, కానీ దానికి ఇప్పుడు చదవవచ్చు. పదేళ్ళ కిందటి మెమోను ఇప్పుడు దిద్దలేము.

మూడో పని: పీజీ ఎక్కడ అక్కరకొస్తుందో వెతకడం

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఎల్‌ఎల్‌బీ అర్హత నిబంధనను ఇక్కడ శ్రద్ధగా చదవాలి. జనరల్ అభ్యర్థులకు అక్కడ 50 శాతం కావాలి, అయితే అది డిగ్రీలో ఉన్నా సరే, పీజీలో ఉన్నా సరే. డిగ్రీలో 47 శాతమే వచ్చి, పీజీలో 65 వచ్చినవారికి ఆ "లేదా" అన్న చిన్న మాట దారి చూపుతుంది; ఆ తరవాత సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎలాగూ రాయాలి. కనుక ఏ ప్రాస్పెక్టస్ చూసినా "డిగ్రీ" అని మాత్రమే ఉందా, "డిగ్రీ లేదా పీజీ" అని ఉందా గమనించండి. స్పష్టంగా లేకపోతే ఆఫీసుకు ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి; ఫోనులో చెప్పిన మాట కౌన్సెలింగ్ రోజున అక్కరకు రాదు.

పీజీ ఉన్నా లాభం లేని సందర్భం ఒకటుంది. ఇంటర్, డిగ్రీ లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో నేరుగా పీజీ చేసినవారు ఎల్‌ఎల్‌బీకి అర్హులు కారని 2008 నియమాలు చెబుతున్నాయి. ఇంటర్ పాసై, దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి మాత్రం ఆ అడ్డు లేదు. ఈ రెంటినీ కలిపేసుకొని అనవసరంగా వెనక్కి తగ్గినవారిని చూశాను.

నాలుగో పని: అమెరికా అయితే లెక్క మళ్ళీ మొదటినుంచి

అక్కడ న్యాయవిద్య అంటే ఏదైనా డిగ్రీ తరవాత చేసే మూడేళ్ళ జేడీ. దరఖాస్తుదారుల ట్రాన్స్‌క్రిప్టులన్నీ ఎల్‌ఎస్‌ఏసీ అనే సంస్థకు వెళతాయి. అమెరికాలో డిగ్రీ చేసినవారికి అది ఒక జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, కడుతుంది; మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ దాకా చదివిన కోర్సులే అందులోకి వస్తాయి, ఏ ప్లస్‌కు 4.33 పాయింట్లు వేస్తారు. ఆ తరవాత చేసిన ఎంఎస్, ఎంబీఏ, పీహెచ్‌డీ గ్రేడ్లు ఆ అంకెను పైకీ లేపవు, కిందికీ దించవు. దీనికి కారణం ఉంది. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ తాను చేర్చుకున్నవారి ఎల్‌శాట్ (అక్కడి లా స్కూళ్ళ ప్రవేశ పరీక్ష) స్కోర్లనూ డిగ్రీ జీపీఏలనూ ఏటా ప్రకటించాలి, ర్యాంకులు ఇచ్చే పత్రికలు కూడా ఆ మధ్యస్థ విలువలనే తీసుకుంటాయి. పీజీ మార్కులకు ఆ పట్టికలో గడే లేదు.

బెంగళూరు నుంచి దరఖాస్తు చేసేవారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. భారతదేశంలో చేసిన డిగ్రీకి ఎల్‌ఎస్‌ఏసీ జీపీఏ కట్టదు. ఉత్తమం, సగటుకన్నా ఎక్కువ, సగటు, సగటుకన్నా తక్కువ అన్న అర్థం వచ్చే నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాస్తుంది. మన 6.8ను ఏదో వెబ్‌సైట్లో 4 పాయింట్ల కొలతకు మార్చుకొని, పెద్ద స్కూళ్ళ జీపీఏలతో పోల్చుకొని దిగులుపడడం అందుకే దండగ. ఇక్కడ బీటెక్, అక్కడ ఎంఎస్ చేసినవారి పరిస్థితీ ఇంతే: బీటెక్‌కు జీపీఏ ఉండదు, ఎంఎస్‌ది లెక్కలోకి రాదు. చేతిలో మిగిలే ప్రధానమైన అంకె 120 నుంచి 180 దాకా ఉండే ఎల్‌శాట్ స్కోరు. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ విభాగం లేదు, తార్కిక వివేచన, పఠనావగాహన మిగిలాయి. చాలా స్కూళ్ళు ఎంఎస్ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈని కూడా ఒప్పుకుంటున్నాయి. మార్కులను కప్పిపుచ్చడానికే ఇంకో మాస్టర్స్ చేద్దామనుకునేవారికి నేను చెప్పేదొకటే: ఆ డబ్బూ రెండేళ్ళూ అక్కర్లేదు, ఆరు నెలలు ఎల్‌శాట్ మీద కూర్చోండి. పేరులో ఒక్క అక్షరమే తేడా ఉన్నా, ఎల్‌శాట్‌కూ నాగరభావి ఎన్‌ఎల్‌శాట్‌కూ ఏ సంబంధమూ లేదని కూడా గుర్తుంచుకోండి.

అంకెల పట్టికలో చోటు లేకపోయినా పీజీ వృథా కాదు. దరఖాస్తును చదివేది మనుషులే కనుక, బీటెక్‌లో తడబడినవారు ఆ తరవాత నిలదొక్కుకున్నారని ఎంటెక్ ట్రాన్స్‌క్రిప్టు వారికి చూపిస్తుంది. పీజీలో థీసిస్ చేయించిన ఆచార్యుల సిఫారసు లేఖ, మనల్ని పేరుపెట్టి గుర్తుపట్టని కాలేజీ ప్రిన్సిపాల్ లేఖకన్నా ఎంతో నయం. పేటెంట్ల వైపు వెళ్ళదలచినవారికి ఎలక్ట్రానిక్స్ పీజీ నేరుగా పనికొచ్చే చదువే. (భారతదేశంలో పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయడానికి సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ చాలు, ఎల్‌ఎల్‌బీ అక్కర్లేదు. కొందరికి ఆ పరీక్షే సరిపోతుంది.)

అయిదో పని: తక్కువ మార్కులకు వివరణ రాయడం

ఇది అమెరికా దరఖాస్తులకే వర్తిస్తుంది. మన ప్రవేశ పరీక్షలలో ఎవరూ వివరణ అడగరు. ఒక పేజీ దాటకూడదు, సాకులా వినిపించకూడదు. "కాలేజీలో బోధన సరిగా లేదు, మూల్యాంకనం అన్యాయంగా జరిగింది" అని రాస్తే చదివేవారికి మిగిలేది మీ ఫిర్యాదు మాత్రమే. దానికి బదులు ఇలా ఉండాలి: "మూడో సెమిస్టర్‌లో నాన్నగారికి ఆపరేషన్ జరిగినప్పుడు నేను ఆరు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాను, తరవాతి సెమిస్టర్‌లో రెండూ పాసయ్యాను. అయిదో సెమిస్టర్ నుంచి నా గ్రేడ్లు 7కు తగ్గలేదు." ఇందులో జరిగినదీ, దాని ఫలితమూ, ఆ తరవాతి లెక్కా ఉన్నాయి, బతిమాలడం లేదు. చెప్పుకోదగ్గ కారణమేదీ లేకుండా కేవలం చదవక మార్కులు పోగొట్టుకున్నవారు వివరణ రాయకుండా ఉండడమే మంచిది.

చివరి పని: కాగితాలు

ట్రాన్స్‌క్రిప్టులు కాకినాడ నుంచో అనంతపురం నుంచో రావాలంటే వారాలు పడుతుంది, పైగా ఎల్‌ఎస్‌ఏసీకి అవి విశ్వవిద్యాలయం నుంచే అందాలి. గడువుకు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండడం మన తెలుగువాళ్ళకు మామూలే. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ చేయించిన అఫిడవిట్‌ను దరఖాస్తుతోపాటే జతపరచండి.