మెటల్ సౌండ్ కావాలా? ముందు గెయిన్ తగ్గించండి

హెవీ మెటల్ వాయించడానికి కొత్త పెడల్ (కాలితో నొక్కి సౌండ్ మార్చే డబ్బా) కొనే ముందు మీ ఆంప్ మీద రెండు నాబ్‌లు వెనక్కి తిప్పండి: గెయిన్ (గరగరలాడే డిస్టార్షన్‌ని పెంచేది), బాస్. హనుమకొండ సుబేదారిలో నా దగ్గర గిటార్ నేర్చుకునే పిల్లలు చాలామంది ఈ రెండూ పదిలో పెట్టుకుని వస్తారు. వినాయక నిమజ్జనం డీజే బాక్సుల బాస్ వింటూ పెరిగినవాళ్లం, బరువైన సౌండంటే బాసే అని మన చెవులకు అలవాటు. గదిలో ఒక్కరే వాయిస్తే అది బాగానే ఉంటుంది. డ్రమ్స్, బాస్ గిటార్ తోడయ్యేసరికి మీ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) అంతా ముద్దయిపోతుంది. కింది స్వరాలు డిస్టార్షన్‌లోకి ఎక్కువగా వెళ్తే ఒకదానిమీద ఒకటి పడి అంచులు పోతాయి. డ్రాప్ డి ట్యూనింగ్‌లో, అంటే లావు తీగని 'డి' స్వరానికి దించినప్పుడు, అది 73 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. బాస్ గిటార్ లావు తీగ 41 దగ్గర. ఆ అడుగుభాగం బాస్ గిటార్ వాయించేవాళ్లది, వాళ్లకే వదిలేయండి.

మెటల్ పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతే ఇది. బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీ మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగల్ని నొక్కాల్సిన వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా దించి వాయించాడు. చేతిలో గిబ్సన్ ఎస్‌జీ గిటార్, వెనక లేనీ ఆంప్, మధ్యలో పై స్వరాల్ని పెంచే ట్రెబుల్ బూస్టర్. అంత బరువైన సౌండ్ తెచ్చిన మనిషి ఆంప్‌లోకి పంపేముందు పెంచింది ట్రెబుల్‌ని!

ఇప్పుడు ఆ పని ఎక్కువగా ట్యూబ్ స్క్రీమర్ చేస్తోంది. ఐబనేజ్ వాళ్ల ఆ ఆకుపచ్చ పెడల్ బాస్ కోసేసి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్న మిడ్‌ని (మధ్య స్వరాల్ని) ముందుకు తోస్తుంది. అదే సర్క్యూట్‌తో వచ్చే చవక పెడల్ అయినా చాలు. పెడల్ మీద డ్రైవ్ సున్నా, లెవెల్ దాదాపు ఫుల్, టోన్ మధ్యలో. ఆంప్‌ని డిస్టార్షన్ చానెల్‌లో పెట్టి గెయిన్ ఐదు దగ్గర ఆపండి. ఇప్పుడు కుడి అరచేతి అంచుని బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) పక్కనే తీగల మీద ఆనించి, లావు తీగని కిందికి గట్టిగా కొట్టండి. పెడల్ ఆఫ్‌లో ఉంటే 'బొయ్‌మ్' అని సాగుతుంది. ఆన్ చేస్తే 'డుగ్' అని తెగుతుంది. అరచేయి పావు అంగుళం ముందుకి జరిగితే స్వరమే చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే మ్యూట్ ఉండదు. ఆ చోటు చేతికి అలవాటయ్యేదాకా రోజూ ఇదే చేయండి. నా లెక్కలో మెటల్ టోన్‌లో సగం ఈ అరచేతిదే.

గిటార్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్) ఉండాలి, బ్రిడ్జ్ కదలనిదై ఉండాలి. హంబకర్‌ని 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ తయారుచేసిందే గుయ్‌మనే హమ్‌ని చంపడానికి. మొదటి గిటార్‌కే ఫ్లాయిడ్ రోజ్ అనే కదిలే బ్రిడ్జ్ వద్దు, ఒక్క తీగ శ్రుతి మార్చినా మిగతా ఐదూ కదులుతాయి. డ్రాప్ డి, డ్రాప్ సి వాయించేవాళ్లు 10-52 మందం తీగల సెట్టు వేసుకోండి, లావు తీగలు మరీ వదులైపోవు.

ఇక పెడల్స్ కంటే ముందు చూడాల్సింది మీ ఇంటి ఎర్తింగ్. హై గెయిన్‌లో గిటార్‌తో పాటు కరెంటు లైన్ శబ్దం కూడా పెరుగుతుంది. మల్టీమీటర్‌తో సాకెట్ చూడండి: ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. మన దగ్గర మే నెల ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోతుంది. అందులో బకెట్ నీళ్లు పోసి మళ్లీ చూడండి. గిటార్ తీగ ముట్టుకుంటే హమ్ కాస్త తగ్గడం మామూలే. గిటార్ తీగ ముట్టుకున్నప్పుడు చేతికి జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. సాకెట్‌లో పట్టడం లేదని ప్లగ్ మూడో పిన్ను ఎవరు విరిచేయమన్నా వినకండి, ప్రాణాల మీదికొస్తుంది.

అంతా సరిచేశాక కూడా మిగిలే సన్నటి 'స్‌స్' కోసం నాయిస్ గేట్ (మీరు వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసేది). చేతులు తీగల మీద నుంచి తీసేసి, శబ్దం ఆగేదాకా మాత్రమే దాని త్రెషోల్డ్ నాబ్ పెంచండి. ఇంకా పెంచితే సాగదీసిన స్వరాలు మధ్యలో తెగుతాయి. ఆంప్ మీద మిడ్ ఐదు కంటే దించకండి, దించితే బ్యాండ్‌లో మీరు వినిపించరు. డిలే, రివర్బ్ లాంటి ప్రతిధ్వని ఎఫెక్టులు సోలోలకు మాత్రమే, రిఫ్‌లకు వద్దు.

ఆరంగుళాల స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్ నుంచి పన్నెండంగుళాల క్యాబినెట్ సౌండ్ రాదు. అద్దె ఇంట్లో ఉండి రాత్రిపూట వాయించేవాళ్లకు గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్‌లో ఆంప్ సాఫ్ట్‌వేర్, హెడ్‌ఫోన్ నయం. వాల్వ్ ఆంప్ (గాజు ట్యూబులతో పనిచేసేది) ఎవరైనా ఇస్తే స్పీకర్ కనెక్ట్ చేయకుండా ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

కాలేజ్ ఫెస్ట్ స్టేజీ ఎక్కాల్సి వస్తే ఆంప్‌ని నేలమీద కాకుండా కుర్చీ మీద పెట్టించుకోండి. మైక్‌ని స్పీకర్ కోన్ నడిమధ్యకి కాకుండా రెండు వేళ్లు పక్కకి, స్పీకర్ ముందున్న గుడ్డకి దగ్గరగా పెట్టమనండి. సౌండ్ చెక్‌లో ఒక్కరే వాయించి నాబ్‌లు తిప్పకండి, డ్రమ్మర్ వాయిస్తున్నప్పుడే తిప్పండి.