న్యూరాన్ల బొమ్మలు చదవడం – 4వ పాఠం: బ్రేకు మీద బ్రేకు

ఈసారి డోపమైన్ చెప్తానన్నాను. పోయిన పాఠం జవాబులు చూశాక దాన్ని వాయిదా వేశాను. గాబా (పక్క కణాన్ని ఆపే రసాయనం) విడుదల చేసే కణాలు దెబ్బతింటే జ్ఞాపకశక్తి ఏమవుతుందని అడిగితే, సగానికి పైగా ‘పెరుగుతుంది’ అని రాశారు. తప్పు నాదే. పక్క కణాన్ని రెచ్చగొట్టే గ్లూటమేట్ ప్లస్, గాబా మైనస్ అని చెప్పి వదిలేశాను.

ఆ గుర్తులు ఒక్క కణం వరకే. జ్ఞాపకాలు ఏర్పడే మెదడు భాగం హిప్పోకాంపస్‌లో పార్వాల్బుమిన్ (ఒక ప్రోటీన్) ఉన్న రకం గాబా కణాలు, సందేశాలు పంపే ముఖ్య కణాలైన పిరమిడ్ కణాలను క్షణం ఆపి, క్షణం వదిలి అన్నిటినీ ఒకే తాళానికి తెస్తాయి. సెకనుకు 30 నుంచి 80 సార్లు కొట్టే గామా లయ అదే. తాళం వేసేవాడు పోతే పాట వేగం కాదు, గోల పెరుగుతుంది. అల్జీమర్స్ ఎలుకల్లో ఈ కణాల సోడియం చానళ్లు (సంకేతం పుట్టించే ద్వారాలు) తగ్గి లయ దెబ్బతింటుందని 2012లోనే చూపించారు.

ఇక నాకు చిరాకు తెప్పించే తప్పు. వీఐపీ, సొమాటోస్టాటిన్ అనేవి మరో రెండు రకాల గాబా కణాలు. వీఐపీ రకం కణం సొమాటోస్టాటిన్ కణాన్ని ఆపుతుంది, సొమాటోస్టాటిన్ కణం పిరమిడ్ కణం డెండ్రైట్‌ను (సంకేతాలు అందుకునే కొమ్మను) ఆపుతుంది. బొమ్మలో ‘ఆపు’ అని చెప్పే అడ్డగీతలు రెండు వరసగా వస్తే నేనైతే రెండూ కొట్టేసి పెన్సిల్‌తో ‘రెచ్చగొట్టు’ అనే బాణం గీసుకుంటాను. అందరూ ఇక్కడే ఆగిపోతారు. ఆ బాణం అసలు బాణం కాదు! తొక్కని బ్రేకును వదిలితే ఏమీ జరగదు. సొమాటోస్టాటిన్ కణం అప్పటికే ఊరుకుని ఉంటే వీఐపీ ఎంత అరిచినా దండగే. తొక్కిన బ్రేకు వదిలినా ఇంజన్ ఆన్‌లో ఉంటేనే బండి కదులుతుంది. ఇక్కడ ఇంజన్ గ్లూటమేట్. అది వచ్చిన సమయానికే డెండ్రైట్‌లో వోల్టేజీ తగినంత పెరిగితే ఎన్‌ఎండీఏ చానల్‌కు (గ్లూటమేట్ తెరిచే ద్వారానికి) అడ్డుపడ్డ మెగ్నీషియం తప్పుకుంటుంది, కాల్షియం లోపలికొస్తుంది, క్యామ్‌కైనేజ్-2 అనే ఎంజైము మేల్కొంటుంది. జ్ఞాపకం గట్టిపడటం అక్కడ మొదలు.

అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ మందు కూడా బ్రేకు మీద బ్రేకే. జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. కానీ అల్జీమర్స్‌లో ఎసిటైల్‌కోలిన్ పంపే కణాలే చచ్చిపోతుంటాయి. విరగ్గొట్టడం ఆపినా, మిగలడానికి ముందు రావాలి కదా. అందుకే 1996 నుంచి వాడుతున్నా ఆ మందు లక్షణాలను కొంత తగ్గిస్తుందే తప్ప కణాల చావును ఆపదు.

అభ్యాసం కాస్త కష్టమే. డయాజెపామ్ (గాబా పనిని పెంచే, ఆందోళన తగ్గించే మందు) వేసుకున్నాక జరిగింది గుర్తుండకపోవచ్చు, అంతకు ముందు నేర్చుకున్నది మాత్రం చెరిగిపోదు. గాబా రిసెప్టర్ (గాబా అతుక్కునే చోటు) నుంచి మెగ్నీషియం దాకా బొమ్మ గీసి ఎందుకో చూపించండి. మెమాంటిన్ ఎన్‌ఎండీఏ చానల్‌నే మూస్తుంది, అయినా అల్జీమర్స్‌కు ఇస్తారు. అది రెండో బొమ్మ. ఆ చానల్ ఎప్పుడు తెరుచుకుంటోందో ముందు రాసుకోండి. వాక్యాలు వద్దు, బొమ్మలే కావాలి.