వైజాగ్ స్కౌట్లకు రేడియో పాఠం: కొండ అడ్డమొచ్చినా కబురు చేరాలి

రేడియో నేర్చుకుందాం అనగానే స్కౌట్లు ముందు అడిగేది "ఏ సెట్ కొనాలి?" అని. సెట్ సంగతి తర్వాత చూద్దాం. ఒకరు చెప్పిన కబురును ఒక్క ముక్క కూడా మారకుండా ఇంకొకరికి అందించడం అసలు పని, అది నేర్చుకోడానికి మొదట్లో కాగితం, పెన్సిల్ చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్ళో కరెంటూ ఫోన్లూ ఒకేసారి పోయాయి, ఆ రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. అలాంటప్పుడు పనికొచ్చే విద్య ఇది, అందుకే ప్రతి ట్రూప్‌లో కనీసం ఒక పెట్రోల్ (ఆరేడుగురు స్కౌట్ల చిన్న జట్టు) అయినా దీన్ని గట్టిగా నేర్చుకోవాలని నా కోరిక.

వాకీటాకీలో మీరు బటన్ నొక్కి ఉంచినంతసేపూ మీకేమీ వినపడదు, ఫోన్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటలూ పోతాయి. కాబట్టి ముందు వినండి, ఛానల్ ఖాళీగా ఉంటేనే బటన్ నొక్కండి, నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. ఆగకపోతే మీ మొదటి మాట అవతలికి వెళ్ళదు, పైగా ఆ మొదటి మాటే సాధారణంగా ఎవరిని పిలుస్తున్నారో వాళ్ళ పేరు. మైకును నోటికి నాలుగు వేళ్ళ దూరంలో, కొంచెం పక్కకి పెట్టుకోండి. బీచ్‌లో అయితే గాలికి వీపు పెట్టండి. అరవక్కర్లేదు, అరిస్తే మాట పగిలిపోతుంది.

పిలిచేటప్పుడు ముందు అవతలివాళ్ళ పేరు, తర్వాత మీ పేరు, ఉన్న చోటునే పేరుగా పెట్టుకోవచ్చు: "కైలాసగిరి, కైలాసగిరి, ఇది ఎంవీపీ, ఓవర్." ఓవర్ అంటే నా మాట అయింది, మీరు చెప్పండి అని. సంభాషణ మొత్తం ముగిస్తే అవుట్. సినిమాల్లోలా రెండూ కలిపి అనకండి. రోజర్ అంటే విన్నాను అని మాత్రమే, ఒప్పుకున్నాను అని కాదు.

అంకెల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. గరగర మధ్య ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి, మూడు, ఏడు కూడా అంతే. "నీళ్ళ క్యాన్లు ఇరవై పంపండి" అంటే అవతల అరవై రాసుకోవచ్చు. అందుకే "రెండు, సున్నా" అని విడివిడిగా చెప్పండి, అవతలివాళ్ళు తిరిగి చదివి వినిపించేదాకా కబురు చేరినట్టు లెక్క వేయకండి. ఇంగ్లీషు అక్షరాలు చెప్పాల్సి వస్తే ప్రపంచమంతా వాడే ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస ఉంది. వైజాగ్ అని చెప్పాలంటే విక్టర్, ఇండియా, జులూ, ఆల్ఫా, గోల్ఫ్. మీ పేరుతో మొదలుపెట్టండి, ఆ తర్వాత స్కూలుకి వెళ్ళేటప్పుడు కనబడిన బండి నంబర్లన్నీ చదువుకుంటూ పోండి, వరస దానంతటదే నోటికొస్తుంది.

ఇక కొండల సంగతి. చేతిలో పట్టే సెట్లు ఎక్కువగా వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే వెళతాయి. 300ని మెగాహెర్ట్జ్‌లలో చెప్పే ఫ్రీక్వెన్సీతో (తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది: 145 మెగాహెర్ట్జ్ అయితే సుమారు 2 మీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే దాదాపు అర మీటరు, ఆ తరంగానికి సరిపోయే మామూలు యాంటెన్నా పొడవు. యాంటెన్నా నిటారుగా ఉండాలి. దాన్ని పట్టుకుని సెట్‌ని మోయకూడదు, అది బిగించకుండా బటన్ అసలే నొక్కకూడదు.

ఎంవీపీ కాలనీలో ఒకరు, ఋషికొండ బీచ్‌లో ఒకరు నిలబడి మాట్లాడాలని చూస్తే మధ్యలో కైలాసగిరి అడ్డం. అదే మూడో స్కౌట్ రెండు వైపులా కనబడేలా కైలాసగిరి మీద ఉంటే ఇటు విన్నది రాసుకుని అటు చెప్పగలడు. దీన్ని ఒక ఆదివారం పొద్దున్నే, స్కౌట్ మాస్టారు వెంట ఉండగా చేసి చూడండి. ఎవరికి, ఎవరి నుంచి, ఎన్ని గంటలకు, మొత్తం ఎన్ని మాటలు అన్నది కాగితం మీద రాసుకోవాలి. చివర్లో మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఎక్కడ మాట జారిందో ఇట్టే తెలుస్తుంది. నా దృష్టిలో ఎన్ని క్లాసులు విన్నా ఈ ఒక్క ఆటకి సాటి రావు. ఇంటికొచ్చాక సెట్లని పొడి గుడ్డతో తుడవండి, సముద్రపు ఉప్పు బ్యాటరీ పిన్నుల్ని తినేస్తుంది.

ట్రూప్‌లో సెట్లు లేకపోతే ఒక గదిలో ఇద్దరు వీపులు ఆనించి కూర్చుని, ఓవర్ అనేదాకా రెండోవాళ్ళు నోరు విప్పకూడదని పెట్టుకోండి. వినే అలవాటు అక్కడే మొదలవుతుంది.

కొనేముందు ఒక మాట: ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి వాకీటాకీనీ లైసెన్స్ లేకుండా వాడకూడదు, మన దేశంలో కొన్ని తక్కువ పవర్ సెట్లకే ఆ మినహాయింపు ఉంది. ఓడలు, చేపల బోట్లు ఆపదలో పిలిచే మెరైన్ ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్ మీద సరదాకి కూడా బటన్ నొక్కకండి, హార్బర్ ఉన్న ఊళ్ళో ఉన్నాం, అక్కడ మీ నవ్వులు వినిపిస్తే నిజంగా మునిగిపోతున్నవాళ్ళ కేక వినపడకపోవచ్చు.

ఏటా అక్టోబర్‌లో ప్రపంచ స్కౌట్లందరూ హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో) మీద కలుసుకునే జోటా, అంటే జాంబోరీ ఆన్ ది ఎయిర్, జరుగుతుంది, 1958 నుంచీ ఉంది. లైసెన్స్ ఉన్న ఆపరేటర్ పక్కన కూర్చుని విన్నా సరే, "సీక్యూ జాంబోరీ" (జోటాలో ఉన్నవాళ్ళు ఎవరైనా పలకండి అని) అనే పిలుపు ఏ దేశం నుంచి వస్తోందో రాసుకుంటూ ఉంటే పూట ఎలా గడిచిందో తెలియదు. అది నచ్చితే 12 ఏళ్ళు నిండినవాళ్ళు హ్యామ్ లైసెన్స్ పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు ఉన్నాయి, మొదటిదానితో మొదలుపెట్టండి, అప్లై చేసేముందు టెలికాం శాఖ తాజా నిబంధనలు ఒకసారి చూసుకోండి.