యూకేలో ఏటీస్ క్లబ్‌కి గ్యాంగ్‌తో వెళ్తున్నారా? ముందు ఇవి చూస్కోండి

ఆఫీసులో ఎవరికైనా పెళ్ళి కుదిరినా, టీమ్‌లో ఎవరిదైనా ముప్పయ్యో నలభయ్యో పుట్టినరోజు వచ్చినా యూకేలో చాలాసార్లు తేలే ప్లాన్ ఒకటే, శనివారం రాత్రి రెట్రో క్లబ్, అంటే 70లు, 80ల (ఏటీస్) పాత పాటలకి డ్యాన్స్ చేసే చోటు. పెళ్ళికూతురి వైపు గ్యాంగ్ చేస్కునేది హెన్ డూ, పెళ్ళికొడుకు వైపుది స్టాగ్ డూ. ఇలాంటి గ్యాంగుల కోసమే అన్నట్టు 80ల థీమ్‌తో రిఫ్లెక్స్, 70ల థీమ్‌తో ఫ్లేర్స్, పాత పాప్ పాటలతో పాప్‌వరల్డ్ లాంటి చెయిన్లు వచ్చాయి, ఇవి కాక ఊరికో సొంత ఏటీస్ బార్ కూడా ఉంటుంది. బ్రాంచీలు మూస్తుంటారు, పేర్లు మారుస్తుంటారు కాబట్టి మీ ఊళ్ళో ఇప్పుడు ఏది నడుస్తుందో చూస్కున్నాకే ప్లాన్ వెయ్యండి.

మనవాళ్ళకి ఇలాంటి ఇన్వైట్ రాగానే మొదలయ్యే ఆలోచనలు నాకు బాగా తెలుసు, నేను తాగను కదా, ఆ పాటలు నాకు రావు కదా, డ్యాన్స్ అసలే రాదు కదా అని. నేను చెప్పేది ఒక్కటే, వెళ్ళండి. సిగ్గుపడే వాళ్ళకి అన్ని క్లబ్బుల్లోకీ తేలికైంది ఇదే. మామూలు క్లబ్‌లో ఎవరేం వేస్కున్నారు ఎలా ఊగుతున్నారు అని చూపులుంటాయి, ఇక్కడ పెళ్ళికూతురి వాళ్ళ అమ్మ భుజం మీంచి అడ్డంగా గులాబీ రంగు సాష్ (పట్టీ) వేస్కుని ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్యలో గెంతుతూ ఉంటుంది, బాగా డ్యాన్స్ చేద్దామని ఎవరూ రారు. కాకపోతే గ్యాంగ్‌తో వెళ్ళడం, తొందరగా వెళ్ళడం, మళ్ళీ గ్యాంగ్‌గానే ఇంటికి రావడం, ఈ మూడూ కుదరాలి, కుదరాలంటే కొంచెం ముందే చూస్కోవాలి.

ఎనిమిది మంది దాటితే బుక్ చెయ్యండి, ఇందులో వేరే ఆలోచన వద్దు. ముఖ్యంగా అందరూ మగపిల్లలే ఉన్న గ్యాంగ్‌ని శనివారం రాత్రి చాలా క్లబ్బులు డోర్ దగ్గరే ఆపేస్తాయి, అది స్టాగ్ గ్యాంగుల గొడవలు చూసి పెట్టుకున్న రూల్, కాబట్టి యూనివర్సిటీ ఫ్రెండ్స్ ఏడెనిమిది మంది అబ్బాయిలు కలిసి వెళ్తుంటే రెండు మూడు వారాల ముందే మెయిల్ పెట్టి ఎంతమంది, ఏ సందర్భం అని చెప్పి రాతలో ఓకే తీస్కోండి. బుకింగ్ ఉంటే లైన్‌లో నిలబడే పని తగ్గుతుంది, కూర్చోడానికి ఒక బూత్ ఇస్తారు, కొన్నిచోట్ల ప్యాకేజీలో ఒక ప్రోసెకో (నురగ వైన్) బాటిల్ కూడా ఉంటుంది. డబ్బు కట్టేముందు రెండు చూడండి, కట్టిన డిపాజిట్ బిల్లులో తగ్గిస్తారా లేక అది వేరే ఇది వేరేనా, ఇంకోటి బూత్‌ని ఎన్నింటి వరకు మీ కోసం ఉంచుతారు. ఆ టైమ్ దాటితే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆర్గనైజ్ చేసేవాళ్ళు మాత్రం తలా ఇంత అని ముందే వసూలు చేస్కోండి, మొహమాటపడి తర్వాత అడుగుదాంలే అనుకుంటే ఆ డబ్బు మీ జేబులోంచే పోతుంది.

టైమ్ అంటే నా ఓటు తొమ్మిదికే. చాలాచోట్ల పదిలోపు ఎంట్రీ ఫ్రీగానో తక్కువకో ఉంటుంది, బార్ దగ్గర తోపులాట ఉండదు, అన్నిటికంటే ముఖ్యం ఫ్లోర్ సగం ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఫ్లోర్ మీద మన పదిమందే నాలుగు పాటలకి అలవాటు పడిపోతే పదకొండింటికి జనం నిండేసరికి భయం దానంతటదే పోతుంది, అదే పదకొండింటికి నేరుగా ఆ గుంపులోకి దిగాలంటే గోడ పక్కనే నిలబడిపోతారు. లోపల తిండి చాలాచోట్ల దొరకదు కాబట్టి ఏడింటికే ఎక్కడన్నా కడుపునిండా తినండి. గ్యాంగ్‌లో శాకాహారులుంటే రెస్టారెంట్ మీరే సజెస్ట్ చెయ్యండి, పిజ్జా అయినా పర్లేదు, లేకపోతే ఏదో స్టీక్ హౌస్ బుక్ చేసేస్తారు, మీరు చిప్స్ తిని రావాల్సి వస్తుంది.

ఇంక ఐడీ. తాగడానికి వయసు 18 అయినా పాతికలోపు కనిపిస్తే చాలు ఐడీ అడగాలనే ఛాలెంజ్ 25 పద్ధతి చాలాచోట్ల ఉంది, మన పిల్లలు ముప్పై వచ్చినా పాతికలా కనిపిస్తారు కాబట్టి అందరూ తెచ్చుకోవాల్సిందే. ఒక్కరిని ఆపినా గ్యాంగ్ మొత్తం రోడ్డు మీద నిలబడాలి. ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో, యూనివర్సిటీ కార్డు, ఆధార్, మన ఆర్టీఏ ఇచ్చిన లైసెన్స్, వీటిని నమ్ముకోకండి. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇచ్చిన బీఆర్పీ కార్డులు 2024 డిసెంబర్ 31తో అయిపోయాయి, అదీ పనికిరాదు. మిగిలింది అసలు పాస్‌పోర్ట్, కానీ అది జేబులో పెట్టుకుని ఆ గుంపులో గెంతడం నాకస్సలు ఇష్టం లేదు, పోతే హైకమిషన్ చుట్టూ తిరగాలి. అందుకే కార్ నడిపే ఉద్దేశం లేకపోయినా ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్స్ తీస్కోండి, ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, యూకేలో కనీసం 185 రోజులు ఉండే అనుమతి ఉంటే స్టూడెంట్లకి కూడా ఇస్తారు. క్లబ్‌కే కాదు, పార్సిల్ తెచ్చుకోడానిక్కూడా పనికొస్తుంది. డోర్ దగ్గర ఉండేవాళ్ళకి ఎస్ఐఏ (సెక్యూరిటీ వాళ్ళకి లైసెన్స్ ఇచ్చే సంస్థ) లైసెన్స్ బ్యాడ్జ్ ఉంటుంది, బ్యాగ్ చూపించమంటే చూపించండి, లోపలికి రావద్దు అంటే వాదించకండి, వాదనతో లోపలికి వెళ్ళినవాళ్ళని నేను చూళ్ళేదు.

డ్రెస్ దగ్గర మాత్రం అందరూ అనవసరంగా ఖర్చు పెడతారు. ఫ్యాన్సీ డ్రెస్ షాప్‌లో ప్యాకెట్‌లో అమ్మేది ఒక్క రాత్రికే చిరుగుతుంది, దానికి బదులు ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి చారిటీ షాపులు తిరగండి, భుజాల దగ్గర ప్యాడ్లున్న పాత బ్లేజర్, మెరిసే షర్ట్, రంగురంగుల ట్రాక్ జాకెట్, ఇవి తక్కువకే దొరుకుతాయి, పైన ఒక నియాన్ హెడ్ బ్యాండు, కాళ్ళకి లెగ్ వార్మర్లు, అయిపోయింది. నైలాన్ విగ్ వద్దు, ఫొటోకి బావుంటుంది కానీ రెండో పాటకే తల ఉడికిపోతుంది, మీ జుట్టే దువ్వెనతో పైకి లేపి స్ప్రే కొట్టండి. మనకి ఇంకో అవకాశం కూడా ఉంది, 80ల చిరంజీవిలా తయారైపోవచ్చు, మెరుపుల జాకెట్, నుదుటికి బ్యాండు, బిగుతు ప్యాంటు. ఎవరిలా వచ్చావ్ అని కొలీగ్స్ అడుగుతారు, అక్కణ్ణుంచి రాత్రంతా మాట్లాడుకోడానికి టాపిక్ దొరికినట్టే. పొడుగు చున్నీ మాత్రం వద్దు, కాళ్ళ కింద పడుతుంది. చెప్పులొద్దు, నేల మీద డ్రింకులు ఒలికి ఉంటాయి, ఒక్కోసారి గాజు పెంకులు కూడా, కాబట్టి ముందువైపు మూసి ఉన్న ఫ్లాట్ షూస్ వేస్కోండి. గాలి ఊదే బొమ్మలు, మైకులు, పెద్ద బోర్డులు కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు, హెన్ గ్యాంగ్‌కి సాష్‌లు టీషర్టులు అయితే మామూలే.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మనవాళ్ళు ఇబ్బందిపడేది ఇక్కడే. ఇక్కడివాళ్ళు రౌండ్ పద్ధతిలో తాగుతారు, ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు, ఎవరూ లెక్క రాయరు కానీ ఎవరి రౌండ్ రాలేదో అందరికీ గుర్తుంటుంది. పదిమంది ఉన్నప్పుడు ఇది నడవదు, మీ వంతు వచ్చిందంటే ఒకేసారి డెబ్బై ఎనభై పౌండ్లు పోతాయి, పైగా మీరు తాగింది రెండు కోకులే అయినా సరే. అందుకని కిట్టీ పెడదాం అని మీరే ముందు అనండి, తలా 20 పౌండ్లు ఒకరి దగ్గర పెట్టి అందులోంచే కొనడం, అయిపోతే మళ్ళీ తలా కొంత. తాగనివాళ్ళ వాటా 10 అని అప్పుడే ఓపెన్‌గా చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. బార్ దగ్గరికి ఇద్దరు వెళ్ళండి, ఎవరికేం కావాలో ఫోన్‌లో రాస్కుని మొత్తం ఒకేసారి చెప్పండి, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుంటూ చెప్తుంటే వెనకున్నవాళ్ళకి మండుతుంది. ముందు ఎవరొచ్చారో బార్ వాళ్ళు చూస్కుంటూనే ఉంటారు, చెయ్యి ఊపడం, కార్డు ఊపడం వద్దు. వోడ్కా, రమ్ లాంటివి అడిగితే సింగిల్ అని గట్టిగా చెప్పండి, సింగిల్ అంటే చాలాచోట్ల 25 మిల్లీలీటర్లు, కొన్నిచోట్ల 35, ఇంకో పౌండుకి డబుల్ చేస్తాం అని అడుగుతుంటారు, ఆ సౌండ్‌లో ఊ అనేస్తారు. మధ్యమధ్యలో నీళ్ళు తాగండి, లైసెన్స్ ఉన్న బార్‌లో ట్యాప్ వాటర్ అడిగితే ఫ్రీగా ఇవ్వాల్సిందే. తాగనివాళ్ళకి లైమ్ అండ్ సోడా మంచిది, చవగ్గా వస్తుంది, చేతిలో ఒక గ్లాసుంటే ఏం తాగుతున్నావ్ అని ఎవరూ అడగరు. అడిగినా నేను తాగనండి అని ఒక్కసారి నవ్వి చెప్తే చాలు, కారణాలు చెప్పక్కర్లేదు.

డ్యాన్స్ విషయానికొస్తే, సగం పాటలకి స్టెప్పులు ముందే ఫిక్సయి ఉంటాయి, అది మీకు ప్లస్. వైఎంసీఏ పాటకి చేతులతో నాలుగు అక్షరాలు చూపిస్తారు, అది పక్కవాళ్ళని చూసి చేసెయ్యొచ్చు. ఊప్స్ అప్‌సైడ్ యువర్ హెడ్ అని 1979 నాటి పాట ఒకటుంది, అది మొదలవగానే జనం ఉన్నట్టుండి నేల మీద ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చుని పడవ తెడ్డేసినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతారు, తెలీనివాళ్ళకి ఏం జరుగుతుందో అర్థం కాదు, మీరు కంగారుపడకుండా లైన్‌లో ఎవరో ఒకరి వెనక కూర్చుండిపోండి, ఆ రాత్రికి కొత్త ఫ్రెండ్స్ అక్కడే దొరుకుతారు. అందుకే తెల్ల ప్యాంటు వద్దు. వెళ్ళేముందు వారం రోజులు బస్సులో ఏదన్నా ఏటీస్ పార్టీ ప్లేలిస్ట్ పెట్టుకుని వినండి, కోరస్ లైన్లు వస్తే చాలు, మిగతాది అరుపుల్లో కలిసిపోతుంది.

కొన్ని రిఫ్లెక్స్ బ్రాంచీల్లో డ్యాన్స్ ఫ్లోర్ తిరుగుతుంది. నెమ్మదిగానే తిరుగుతుంది కానీ ఎక్కేటప్పుడు అంచు చూస్కుని ఒక కాలు పూర్తిగా ఆనించాకే రెండోది పెట్టండి, చేతిలో డ్రింక్ ఉంటే ఎక్కకండి. తల తిరిగే వాళ్ళు మధ్యలో నిలబడండి, అంచు మీద కన్నా అక్కడ తేలిక. బ్యాగ్ బయట తిరగని నేల మీద పెట్టి ఎక్కితే ఒక నిమిషంలో మీరెక్కడో అదెక్కడో, కాబట్టి జిప్పున్న చిన్న క్రాస్ బాడీ బ్యాగే తీస్కెళ్ళండి. పెళ్ళికూతురి పేరు డీజేతో చెప్పించాలంటే పదిన్నర లోపే వెళ్ళి ఫోన్ స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో చూపించండి, మన పేరైతే ఎలా పలకాలో ముక్కలు చేసి రాయండి. తెలుగు పాట వెయ్యమని మాత్రం పట్టుబట్టకండి, రెట్రో నైట్‌కి జనం వచ్చేది ఆ పాత పాటల కోసమే.

అబ్బాయిలకి సూటిగా ఒక మాట. హెన్ గ్యాంగ్ ఎంత అల్లరి చేస్తున్నా అది వాళ్ళలో వాళ్ళ సరదా, మిమ్మల్ని పిలిచినట్టు కాదు. వెనకనుంచి దగ్గరికెళ్ళి డ్యాన్స్ చెయ్యడం, తెలీనివాళ్ళని వీడియో తియ్యడం వద్దే వద్దు. అలాగే గ్యాంగ్‌లో ముందే మాట్లాడుకోండి, ఎవరి ఫొటోలు ఎక్కడ పెట్టొచ్చో. ఇన్‌స్టాలో పెట్టిన స్టోరీ తెల్లారేసరికి గుంటూరులో పిన్ని ఫోన్‌లో ఉంటుంది, అందరి ఇళ్ళూ ఒకేలా ఉండవు.

గ్లాసు ఎక్కడా వదిలెయ్యకండి, వదిలేస్తే మళ్ళీ ముట్టుకోవద్దు. ఎవరైనా తాగినదానికి మించి ఒక్కసారిగా తూలుతున్నా, మాట తడబడుతున్నా డ్రింక్‌లో ఏదో కలిపారేమో అని అనుమానించాల్సిందే, వెంటనే బార్ స్టాఫ్‌కి చెప్పండి, ఒక్కరినే వదలొద్దు, కొత్తగా పరిచయమైన ఎవరితోనూ ఇంటికి పంపొద్దు, స్పృహ తప్పుతుంటే 999కి ఫోన్ చెయ్యండి. ఎవరైనా వెంటపడి ఇబ్బందిపెడుతుంటే బార్ దగ్గరికెళ్ళి ఏంజెలా ఉందా అని అడగండి, 2016లో లింకన్‌షైర్‌లో మొదలైన కోడ్ మాట ఇది, ఇప్పుడు చాలాచోట్ల ఉంది, స్టాఫ్‌కి అర్థమై మిమ్మల్ని పక్కకి తీస్కెళ్ళి క్యాబ్ పిలుస్తారు.

ఇంటికెలా రావాలో బయల్దేరేముందే తేల్చుకోండి. చిన్న ఊళ్ళలో ఆఖరి ట్రైన్ అర్ధరాత్రి లోపే వెళ్ళిపోతుంది, లండన్‌లో అయితే శుక్ర, శనివారాల రాత్రి సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిలీ, విక్టోరియా లైన్లలో నైట్ ట్యూబ్ ఉంటుంది. రోడ్డు మీద చెయ్యెత్తి ఆపగలిగింది హ్యాక్నీ ట్యాక్సీ (లండన్ బ్లాక్ క్యాబ్ లాంటివి) ఒక్కటే, మినీక్యాబ్ బుక్ చేస్కునే ఎక్కాలి, బుకింగ్ లేకుండా పక్కకొచ్చి ఆగే కారు ఎక్కితే దానికి ఇన్సూరెన్స్ కూడా వర్తించకపోవచ్చు. కార్ తీస్కెళ్తే డ్రైవర్ ఒక్క చుక్క కూడా ముట్టొద్దు, రక్తంలో పరిమితి ఇంగ్లాండ్, వేల్స్‌లో 100 మిల్లీలీటర్లకి 80 మిల్లీగ్రాములు, స్కాట్లాండ్‌లో 50, రాత్రి గట్టిగా తాగితే మర్నాడు పొద్దున కూడా పైనే ఉండొచ్చు. బయటికొచ్చాక తలలు లెక్కపెట్టి, ఆకలైతే కబాబ్ షాప్‌లో ఫలాఫెల్ ర్యాపో చిప్సో తిని, ఇద్దరిద్దరుగా విడిపోండి, ఇంటికెళ్ళాక గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి అని ముందే అనుకోండి. కోటు క్లోక్‌రూమ్‌లో మర్చిపోతే అర్ధరాత్రి వెనక్కి పరుగెత్తకండి, టోకెన్ నంబర్ ఫొటో తీసి ఉంచుకుంటే మర్నాడు మధ్యాహ్నం మెయిల్ పెట్టి, క్లబ్ తెరిచాక వెళ్ళి తెచ్చుకోవచ్చు.